గోదావరి మీదుగా నలభై నిమిషాలు

జామ్‌గూడ, ఉట్నూర్ దగ్గర
ఏప్రిల్ 3

బాలలక్ష్మి అక్కకు,

ఇక్కడ అందరం బాగున్నాము. అవ్వ మోకాళ్లకు ఆ నూనె రాస్తున్నావా? మానేయకు.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నువ్వు నవ్వుతావని తెలుసు. ఈ ఇంట్లో ఫోన్ ఒకటే, అది అత్తమ్మ దగ్గర ఉంటుంది. సిగ్నల్ వాకిట్లో గడ్డివాము పక్కన తప్ప ఎక్కడా రాదు. స్పీకర్ పెట్టి అందరి మధ్యా మాట్లాడాలి. మీ మరిది మస్కట్ నుంచి మాట్లాడినా అంతే. ఆయన "మంచిగున్నవా" అంటాడు, నేను "ఊ" అంటాను. "తిన్నవా" అంటాడు, మళ్లీ "ఊ" అంటాను. ఆరో తరగతితో బడి మానేసినా కాగితం మీద నాకు కొంచెం నోరుంటుంది. అందుకే రాస్తున్నాను. ఇక్కడ అత్తమ్మకు చదువు రాదు. మా యారాలు, ఈ ఇంటి పెద్దకోడలు జమునక్క దీన్ని తపాలా డబ్బాలో వేస్తుంది. ఆమె ఎవరికీ చెప్పదు. అసలు ఆమె ఎవరితోనూ ఎక్కువ మాట్లాడదు.

నాకు ఐదో నెల పడింది. ఆగస్టు చివర్లో కాన్పు అన్నారు. తొలి కాన్పుకు నేను మన ఇంటికి వస్తానని, ఏడో నెలలో కన్నతల్లిగా అవ్వే వచ్చి తీసుకుపోతుందని నేను అనుకుంటూ ఉన్నాను. మొన్న ఆదివారం ఆయన ఫోన్‌లో ఉండగా అత్తమ్మ తేల్చి చెప్పింది.

"ఐదో నెల వడ్డంక కడుపుతోని ఉన్నది గోదారి దాటొద్దు. మా ఇంట్ల దాటరు. కాన్పు ఈడనే."

ఆయన వాళ్ల అమ్మతో హుషారుగా అన్నాడు. "అవ్వా, నేను ఫోన్ల చూసిన. ఆదిలాబాద్ విమానాశ్రయం నుంచి రామగుండం విమానాశ్రయానికి నూట నలభై కిలోమీటర్లు. నలభై నిమిషాల ప్రయాణం. రామగుండం అంటే వాళ్ల బసంత్‌నగరే. విమానంల పంపిద్దాం."

"విమానం గోదారి దాటదా?" అని మామ అడిగాడు.

"దాటుతది గని నీళ్లకు తాకదు గద బాపూ."

కైలాసం పంతులును పిలిపించారు. ఈ ఊళ్లో ముహూర్తాలు, దోషాలు చెప్పేది ఆయనే. ఆయన పొడుం పీల్చి తీర్పు చెప్పాడు. "పోయినేడు మీ పెద్దోడు సముద్రం దాటి పోయిండు. అప్పుడు పెద్దకోడలు కడుపుతోని ఉన్నది. కడుపుతోని ఉన్నదాని మొగడు సముద్రం దాటొద్దని శాస్త్రం. గాలిల పోతె దాటినట్టు గాదని నేనే చెప్పిన. మొగనికి తాకని దోషం పెండ్లానికెందుకు తాకుతది?"

అందరూ నవ్వారు. అత్తమ్మ లోపలికి పోయి బెల్లం తెచ్చింది. మాట ఇచ్చినట్టే, విమానంలో అయితే పంపుతానని పదిమంది ముందు అన్నది.

అక్కా, నేను నోరు తెరిచాను. బసంత్‌నగర్ రన్‌వే నాకు తెలియదా? నువ్వూ నేనూ దాని మీద మక్కజొన్నలు ఆరబోసి మేకలను అదిలించలేదా? కానీ అప్పటికే బెల్లం ముక్క నా చేతిలో పెట్టింది అత్తమ్మ. పదిమంది ముందు మొగుడి మాట అబద్ధమని ఎలా అంటాను? తల వంచుకొని బెల్లం తిన్నాను.

నేను వచ్చి రెండేళ్లయింది. ఈలోపల ఏమైనా మారిందేమో. పేపర్లలో విమానాశ్రయాలు వస్తాయని రాస్తున్నారట. ఒకసారి పోయి చూసి రాయి.

నీ చెల్లె
నర్మద


బసంత్‌నగర్
ఏప్రిల్ 14

చెల్లె నర్మదకు,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను. తర్వాత నవ్వు ఆగిపోయింది. ముందు నవ్విన సంగతే చెప్తాను.

నువ్వు చూసి రమ్మన్నావు కాబట్టి చూడటానికే పోయాము. మీ బావ ఆటో తీశాడు. శ్యాంసుందర్ గారి సంగతి నీకు తెలియనిదేముంది. రన్‌వే ఈ కొసన ఆటో ఆపి, తువ్వాల మెడకు బిగించుకొని, "నేను మీ పైలట్‌ను మాట్లాడుతున్న. బెల్టు పెట్టుకోవాలె. బీడీలు చుట్టుడు బందు పెట్టాలె" అన్నాడు. ఆటోను జోరుగా ఉరికించాడు. సగం దూరం పోయేసరికి ముందర మక్కలు. ఇటు పక్క మక్కలు, అటు పక్క మిరపకాయలు, నడుమ నులక మంచం మీద ఒక ముసలామె.

"దిగేదుంటె ఆ దిక్కు దిగుండ్రి. మా మక్కల మీద తొక్కితె ఊకోను" అంది.

"ఆదిలాబాద్ విమానం ఎన్ని గంటలకవ్వా?" అని అడిగాడు మీ బావ.

"నాకు పెండ్లయినప్పటి సంది చూస్తున్న బిడ్డా. ఇంకా రాలే. నువ్వు గూసో, వస్తె చెప్త."

అదీ సంగతి. రన్‌వే పగుళ్లలో తుమ్మచెట్లు నా ఎత్తు పెరిగాయి. సర్వే వాళ్లు ఒకసారి వచ్చి కొలిచి పోయారట. ఎప్పటికైనా విమానం వస్తుందేమో, ఆగస్టులోగా మాత్రం రాదు.

నవ్వు ఎందుకు ఆగిందంటే, నీకు అన్నీ తెలిసి కూడా బెల్లం తిన్నావు చూడు, అందుకు. చిన్నప్పుడు కూడా ఇంతే. టీచరు నీ పేరు తప్పు రాస్తే ఏడాదంతా ఆ తప్పు పేరుకే పలికావు. ఒక్క మాట చాలు చెల్లె. "మా ఊళ్లె విమానం దిగదు" అని అను. నీకు చేతకాకపోతే మీ యారాలు జమునతో చెప్పించు.

అవ్వకు నీ ఉత్తరం చదివి వినిపించాను. "నది పేరు పెట్టుకున్నది నదిని దాటొద్దా, ఇదెక్కడి ముచ్చట?" అని గొణిగింది. నీ కోసం పాత చీరలు ఉతికి పొత్తిగుడ్డలు కత్తిరిస్తోంది. ఎన్ని కత్తిరించిందంటే ముగ్గురు పిల్లలకు సరిపోతాయి.

నీ అక్క
బాలలక్ష్మి


జామ్‌గూడ
మే 9

అక్కకు,

నేను ఇంకా చెప్పలేదు. నువ్వు తిట్టే ముందు ఇది మొత్తం చదువు.

మా అత్తమ్మ చెడ్డది కాదు. నాకు పులుపు తినాలనిపిస్తే ఎండలో రెండు మైళ్లు పోయి చింతకాయ తెచ్చింది. గోదావరి భయం ఆమెకు ఊరికే రాలేదు. ఆమె పుట్టిల్లు ధర్మపురి దిక్కు. ముప్పై అయిదేళ్ల కింద ఆరో నెలలో తమ్ముడి పెళ్లికని పడవలో దాటింది. తిరిగి వచ్చేటప్పుడు నడుమ నీళ్లలో పడవ ఒరిగింది. మునగలేదు, కానీ ఆమె పడవ అంచు పట్టుకొని వేలాడింది. మూడో రోజు కడుపు పోయింది. అప్పటి నుంచి ఈ ఇంట్లో ఇది చట్టం.

ఆ చట్టం వల్లనే పోయినేడు జమునక్క తన పుట్టిల్లు మెట్‌పల్లికి పోలేకపోయింది. అది కూడా గోదావరికి ఆ దిక్కే. ఆమె సంగతి నీకు ఎప్పుడూ చెప్పలేదు. ఈ ఇంట్లో దాని గురించి ఎవరూ మాట్లాడరు కాబట్టి నాకూ మాట్లాడకూడదనే అనిపించింది.

మా ఊరికీ రోడ్డుకూ మధ్య ఒక వాగు ఉంది. ఎండాకాలం దానిలో కోళ్లు తిరుగుతాయి. వానలు పడితే ఊరు దీవి అవుతుంది. వంతెన లేదు. పోయిన భాద్రపదంలో జమునక్కకు పొద్దున పదింటికి నొప్పులు మొదలయ్యాయి. అంబులెన్సు వచ్చి అవతలి ఒడ్డున ఆగింది. దాని మోత మాకు ఇంట్లోకి వినపడుతూనే ఉంది. వాగు తగ్గలేదు. మధ్యాహ్నం రెండున్నరకు ఎనిమిది మంది మంచాన్ని భుజాల మీద పెట్టుకొని మెడలోతు నీళ్లలో దాటించారు. నేను ఇవతలి ఒడ్డున నిలబడి చూశాను. బిడ్డ పుట్టింది. ఏడవలేదు. ఆడపిల్ల.

నాకు ఆగస్టు చివర్లో. అప్పుడు వాగు ఎలా ఉంటుందో నేను కళ్లతో చూశాను అక్కా. అందుకే నేను రావాలి. అవ్వ మీద బెంగతో ఒక్కటే కాదు.

మొన్న స్కానింగ్‌కు జమునక్క, నేను ఆదిలాబాద్ పోయాము. బిడ్డ బాగుంది. తిరిగి వచ్చేటప్పుడు నాకు ఏమనిపించిందో, ఆటో ఆయనను నేనే అడిగాను. నా జన్మలో పరాయి మగవాడితో నేను ముందుగా మాట్లాడటం అదే.

"విమానాశ్రయం ఎక్కడున్నది?"

ఆయన పేరు రహీమ్ అట. అద్దంలోంచి చూశాడు. "ఏ ఊరికి పోవాలె అమ్మా?"

"బసంత్‌నగర్."

ఆయన నవ్వలేదు. తీసుకుపోయి చూపించాడు. పెద్ద మైదానం. పోలీసు ఉద్యోగాలకు తయారయ్యేవాళ్లు చెమటలు కక్కుతూ పరుగెడుతున్నారు. బర్రెలు మేస్తున్నాయి. "నేను పుట్టినప్పటి సంది ఈడ ఎగిరినయి పతంగులే. వస్తదంటున్నరు, వస్తదేమో. నీ కాన్పుకు మాత్రం రాదు బెహన్. ఫికర్ చెయ్యకు, బస్సుల పో" అన్నాడు.

మీ దిక్కు మక్కలు, మా దిక్కు గడ్డి. నడుమ నలభై నిమిషాలు.

జమునక్క ఆ గడ్డిని చాలాసేపు చూసింది. "నాకు ఇసొంటి అబద్ధం చెప్పేటోళ్లు గూడ లేకపాయె" అంది. అంతే. ఇప్పుడు ఆమె మొగుడు, మా పెద్దబావ, మస్కట్ నుంచి సెలవు మీద వచ్చి ఉన్నాడు, ఈ నెలాఖరుకు పోతాడు. ఆయన ఉన్నా ఆమె ముఖం అలాగే ఉంది.

అక్కా, మీ మరిదికి ఎవరో తప్పు చెప్పి ఉంటారు. పాపం ఆయన అంత దూరం నుంచి ఫోన్‌లో చూసి మోసపోయాడు. బావతో ఆయనకు నెమ్మదిగా చెప్పించు. ఆయనే అత్తమ్మకు చెప్తాడు.

నర్మద


బసంత్‌నగర్
మే 24

చెల్లెకు,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చించేశాను.

నీ మొగుడు మోసపోలేదు. ఆయనకు మొదటి నుంచీ తెలుసు.

ఆ ఆదివారం మీ వాకిట్లో బెల్లం పంచిన సాయంత్రమే మల్లేష్ మీ బావకు ఫోన్ చేశాడు. "అన్నా, విమానం లేదని నాకు తెలుసు. పెండ్లిచూపులకు వచ్చినప్పుడే ఆ రన్‌వే మీద నువ్వు ఆటో నడపంగ చూసిన. అవ్వకు కాదనలేను, నర్మదకు కాదనలేను. జర దినాలు పోతె అవ్వ మెత్తవడ్తది. అప్పటిదాక నాకు తెలుసని నర్మదకు చెప్పకుండ్రి" అన్నాడు. మీ బావ నాకు చెప్పాడు. మేమిద్దరం సరే అనుకున్నాము. అందుకే మొదటి ఉత్తరంలో నీకు అంత కామెడీ రాశాను. నవ్వుల కింద దాచాను. జమున సంగతి చదివాక దాచడం నాకు చేత కావడం లేదు.

మల్లేష్‌ను తిట్టాలో జాలిపడాలో నాకు తెలియదు. మీ బావ నిన్న ఫోన్ చేసి గట్టిగా అడిగాడు. "ఇంకో నెల చూద్దాం అన్నా" అన్నాడట. వానలు నెల చూస్తాయా?

ఇప్పుడు చేయవలసింది విను. మీ బావ కారు మాట్లాడాడు. జూన్ ఇరవైకి వస్తాడు. అవ్వకు పాణం బాగలేదని, చివరిచూపని చెప్తాడు. అలా చెప్తే మీ అత్తమ్మ గోదావరి కాదు, సముద్రమైనా దాటనిస్తుంది. అవ్వ కూడా ఒప్పుకుంది. "నాలుగు దినాలు మంచాన పండుకుంట, అదేమన్న కష్టమా" అంది. నువ్వు ఏమీ మాట్లాడే పని లేదు. ఊరికే ఏడిస్తే చాలు.

నన్ను తిట్టాలంటే ఇక్కడికి వచ్చి తిట్టు.

బాలలక్ష్మి


జామ్‌గూడ
జూన్ 8

అక్కా,

బావను కారు పంపవద్దని చెప్పు. పంపితే ఎక్కను.

అవ్వ చావును అడ్డం పెట్టుకొని నా బిడ్డను కనను. మొగుడు ఒక అబద్ధం చెప్పాడు. దాని మీద మీరు ఇంకొకటి పేరుస్తారా? ఆయన అమ్మకు జంకి చెప్పాడు, నువ్వు నా మీద ప్రేమతో దాచావు. ఇద్దరూ కలిసి నన్ను రెండు నెలలు ఆకాశం వంక చూస్తూ కూర్చోబెట్టారు. ఊరికే ఏడిస్తే చాలు అని రాశావు. ఆ వాక్యం నాలుగుసార్లు చదివాను. నేను ఏడవడానికి తప్ప పనికిరానని మీ అందరి లెక్క కదా. ఆ లెక్కలో నా తప్పు కూడా ఉంది. బెల్లం తిన్నది నేనే.

నిన్న ఆదివారం ఆయన ఫోన్ చేశాడు. ఎప్పటిలాగే అందరం గడ్డివాము దగ్గర ఉన్నాము. కైలాసం పంతులు కూడా ఏదో పని మీద వచ్చి కూర్చున్నాడు.

"మంచిగున్నవా" అన్నాడు.

"విమానం ఏ దినం?" అన్నాను.

"ఏంది?"

"విమానం. ఏ దినం, ఎన్ని గంటలకు?"

"అగో, టికెట్ చూస్తున్న నర్మదా. జర రష్ ఉన్నది."

"నేను ఆదిలాబాద్ల చూసొచ్చిన. ఆడ గడ్డి ఉన్నది. మా దిక్కు మక్కలున్నయి. నువ్వు చెప్పిన దూరం నిజమే, నిమిషాలు నిజమే. విమానమొక్కటే లేదు. నీకు ముందే ఎరుక."

మామ చుట్ట ఆరిపోయింది. ఫోన్‌లో ఆయన గొంతు తగ్గించాడు. స్పీకర్‌లో గొంతు తగ్గిస్తే ఏమి లాభం, అందరికీ వినపడింది. "అవ్వ ముందట గివన్నెందుకు?"

"అవ్వ ముందటనే చెప్పినవు గద. అవ్వ ముందటనే అడుగుతున్న."

అత్తమ్మ నా వంక ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసింది. నేను పంతులు వైపు తిరిగాను. తల ఎత్తలేదు, ఆయన చెప్పుల వంక చూస్తూ అడిగాను. "పంతులూ, మొగోళ్లు సముద్రం దాటాలంటె శాస్త్రం గాలిల తొవ్వ చూపిచ్చింది. వాళ్ల తొవ్వకు విమానమున్నది. నా తొవ్వకు లేదు. బస్సుల తొవ్వ చూపియ్యదా?"

"శాస్త్రం నా చేతులున్నదా బిడ్డా" అన్నాడు. "అప్పుడు వాడు పోకపోతె కొలువు పోతుండె."

"నాకు పాణం పోతది."

అప్పుడు అత్తమ్మ నోరు విప్పింది. "నీకు తెల్వదు పిల్లా. నేను దాటిన. నేను పోగొట్టుకున్న."

"నువ్వు పడవల దాటినవు అత్తమ్మా. ఇప్పుడు గోదారికి వంతెనున్నది. మన వాగుకు లేదు."

నేను అక్కడితో ఆగవలసింది. ఆగలేదు. "జమునక్క బిడ్డ గోదారి దాటలేదు గద. మరెందుకు పోయింది?" అన్నాను.

ఏడాదిగా ఈ ఇంట్లో ఎవరూ అనని మాట అది. జమునక్క చేతిలో చెంబు ఉంది. ఆమె దాన్ని నేల మీద పెట్టి అక్కడే కూర్చుండిపోయింది. అత్తమ్మ లేచి లోపలికి పోయి తలుపు వేసుకుంది. ఫోన్ ఇంకా మాట్లాడుతూనే ఉంది. "నర్మదా, నర్మదా" అంటున్నాడు.

అన్న మాటను వెనక్కి తీసుకోను. అత్తమ్మ ఒప్పుకోలేదు, ఒప్పుకుంటుందని కూడా అనుకోను. వాగు పొంగకముందే వస్తాను. పగటిపూట, అందరికీ చెప్పి, బస్సులో వస్తాను.

నర్మద


బసంత్‌నగర్
జూన్ 15

నర్మదా,

కారు వద్దని చెప్పాను. అవ్వ మంచం కూడా వద్దని చెప్పాను. ఆమె కొంచెం చిన్నబుచ్చుకుంది, దగ్గడం కూడా నేర్చుకుందట.

నీ ఉత్తరం చదువుతుంటే మీ బావ మధ్యలో ఆపమన్నాడు. "గిది మన నర్మదేనా?" అన్నాడు. బయటికి పోయి చాలాసేపు ఆటో తుడిచాడు. ఆయనకు సిగ్గేసినప్పుడు ఆటో తుడుస్తాడు.

నేను తప్పు చేశాను. ఆ వాక్యం రాయకుండా ఉండవలసింది. అంతకంటే రాయడం నాకు రాదు.

ఇటు దిక్కు నిన్న వాన పడింది. రన్‌వే మీద మక్కలు ఎత్తేశారు. పెద్దపల్లి ఆసుపత్రిలో నీ పేరు చెప్పి వచ్చాను, స్కానింగ్ కాగితాలు మరిచిపోకుండా తెచ్చుకో. మంచిర్యాలలో కరీంనగర్ బస్సు ఎక్కు. బసంత్‌నగర్ స్టేజీ దగ్గర పొద్దంతా మీ బావ ఉంటాడు. ఏ రోజని రాయనక్కర లేదు. రోజూ ఉంటాడు.

బాలలక్ష్మి


మంచిర్యాల బస్టాండు
జూన్ 24

అక్కా,

దీన్ని తపాలాలో వేయను. నా చేత్తోనే తెచ్చి నీ చేతిలో పెడతాను. నేను ఎదురుగా కూర్చుని ఉండగా చదువు. అవ్వకు వినపడేట్టు చదువు. నోటితో చెప్పమంటే నాకు రాదు. ఒకసారి చెప్పగలిగాను కదా అని రోజూ చెప్పగలననుకోకు.

నిన్న సాయంత్రం ఉట్నూర్ దిక్కు మబ్బు దిగింది. పొద్దున లేచి బట్టలు సర్దాను. ఫోన్ మోగింది, ఆయన. ఈసారి నేనే తీశాను. "నేను అవ్వకు అంతా ఒప్పుకున్న. అబద్ధం చెప్పిన అని చెప్పిన. ఇంకో వారం ఆగు, అవ్వే పంపిస్తది" అన్నాడు. ఆయన నిజంగానే ఒప్పుకున్నాడట, మామ చెప్పాడు. అంత దూరంలో ఉండి అమ్మ ముందు ఆ మాట అనడం ఆయనకు కష్టమే. అయినా నేను అన్నాను. "నన్ను వారం ఆగుమంటవు. వాగును ఆగుమంటవా?" ఆయన మళ్లీ ఆగమనలేదు. "పైలంగ పో. బస్సుల ముందు సీట్ల కూసో" అన్నాడు. పెళ్లయిన తర్వాత ఆయన నాతో మాట్లాడిన మాటల్లో అది నాకు నచ్చింది.

అత్తమ్మ గడప మీద కూర్చుని చాటలో కందిపప్పు ఏరుతోంది. కాళ్లకు మొక్కాను. కాళ్లు వెనక్కి తీసుకోలేదు, దీవించనూ లేదు.

"పోతె పో. లోపలి పాణానికి ఏమన్నయితె నీదే పాపం" అంది.

"నాదే అత్తమ్మా. అందుకే పోతున్న" అన్నాను.

ఆమె చెయ్యి చాటలో ఆగింది. ఆ ముఖం చూస్తే నాకు కోపం రాలేదు. ఆ పడవ అంచు ఆమె ఇప్పటికీ పట్టుకొనే ఉందనిపించింది. కానీ ఆమెతో పాటు నేనూ దాన్ని పట్టుకొని వేలాడలేను కదా. దసరా దాటి వాగు ఎండాక బిడ్డను ఎత్తుకొని వస్తానని చెప్పాను. పప్పు ఏరుతూనే ఉంది.

మామ కర్ర పట్టుకొని వాగులో మా ముందు నడిచాడు, అడుగడుగునా లోతు చూస్తూ. నీళ్లు మోకాలి కిందికే ఉన్నాయి. సంచి జమునక్క పట్టుకుంది. మంచిర్యాలలో నన్ను బస్సు ఎక్కించి తిరిగి పోతానని ఆమె అత్తమ్మకు చెప్పి వచ్చింది.

బస్సు జన్నారం దాటాక జమునక్క "భయమైతుందా?" అని అడిగింది. అవుతోందన్నాను. "నాకు గూడ" అంది. నా కోసం భయపడుతోందనుకున్నాను.

ఇక్కడ దిగాక బెంచీ మీద కూర్చున్నాము. కరీంనగర్ బస్సుకు ఇంకా సేపుందని నేను ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఉట్నూర్ బస్సు వచ్చింది. "అక్కా, నీ బస్సు" అన్నాను. ఆమె లేవలేదు. కండక్టరు రెండుసార్లు కేక వేశాడు. బస్సు పోయింది.

"నేను మెట్‌పల్లి పోతున్న" అంది.

"అత్తమ్మకు చెప్పకుంటనా?"

"చెప్తె రానిస్తదా?" కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, బస్సుల వంకే చూస్తూ అంది. "నాకు రెండో నెల. ఇంకా ఎవ్వలకు చెప్పలే. మీ పెద్దబావకు గూడ తెల్వది. ఈసారి వానలల్ల కడుపుతోని ఆ వాగు ఒడ్డుకు నేను ఉండను నర్మదా. నువ్వు ఆ దినం నా బిడ్డ ముచ్చట అడిగినంక నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. పదిహేను దినాలు నిద్రలేదు అనుకున్నరు అందరు. నిద్ర మంచిగనే వట్టింది. ఏడాదికి వట్టింది."

ఐదో నెల దాకా దాటవచ్చు కదా, నువ్వు చెప్పే రావచ్చు కదా అన్నాను.

"ఒకసారి పోగొట్టుకున్నదాన్ని. నాకు మొదటి దినం నుంచే గడప దాటనియ్యదు" అంది. నిజమే.

కరీంనగర్ బస్సు వచ్చింది. మిగతాది తర్వాత రాస్తాను.

బస్సులోనే రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే నవ్వకు. జమునక్క కూడా నాతోనే ఎక్కింది, కరీంనగర్‌లో మెట్‌పల్లి బస్సు మారుతుందట. ముందు సీటు దొరికింది. ఆడవాళ్లకు టికెట్ లేదు కదా, ఇద్దరం ఆధార్ కార్డులు చూపించాము, కండక్టరమ్మ నా పొట్ట చూసి కిటికీ పక్కకు జరగమంది. గోదావరి వచ్చింది. నీళ్లు ఎర్రగా, నడుమ ఇసుక దిబ్బలు ఇంకా తేలి ఉన్నాయి. నేను కళ్లు మూసుకోలేదు. జమునక్క మూసుకుంది, నా చెయ్యి నొప్పి పుట్టేట్టు పట్టుకుంది. వంతెన దాటి గోదావరిఖని వైపు వచ్చాము. "అయిపోయిందా?" అంది. అయిపోయిందన్నాను. అప్పుడు కళ్లు తెరిచి వెనక్కి తిరిగి చూసింది.

అత్తమ్మకు ఫోన్ ఎవరు చెయ్యాలని అడిగాను. నువ్వే చెయ్యి, ఈ దిక్కుకు వచ్చినంక నాకేం భయం అంది. ఇల్లు చేరగానే చేస్తాను. అక్కా, ఆ నంబరు కలిపి నాకు ఇవ్వు, మాట్లాడవలసింది మాత్రం నేనే. అరిస్తే అరవనీ. మేము బాగానే దాటామని చెప్తాను. బస్సులో మా సీటులో కూర్చున్నది ఇద్దరమే, దాటింది నలుగురమని కూడా చెప్తాను.

నర్మద